ఇంట్లో సిస్టమ్‌కి యాంటీవైరస్ కొనమని నేనెందుకు చెప్పడం లేదంటే

నా కౌంటర్ కింద సొరుగులో యాంటీవైరస్ డబ్బాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. సీల్ విప్పనివి, లోపల పూత గీకితే కీ కనపడే రకం. గడువు ఎప్పుడో దాటిపోయింది. ఒకప్పుడు కొట్టు అద్దెలో సగం ఈ డబ్బాల మీదే వచ్చేది. ఒకటి అమ్మితే నూట యాభై మిగిలేది, ఏడాది తిరిగేసరికి అదే మనిషి రెన్యువల్ కోసం మళ్లీ వచ్చేవాడు. ఇప్పుడు ఇంట్లో వాడుకునే సిస్టమ్ తెచ్చినవాళ్లెవరికీ యాంటీవైరస్ కొనమని నేను చెప్పడం లేదు. మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు గట్టిగానే అడిగారు: "అప్పట్లో ఇది లేకుండా నెట్ ఆన్ చేయొద్దని చెప్పింది నువ్వే కదయ్యా, ఇప్పుడు అక్కర్లేదంటావేంటి?" ఆయన అడిగింది న్యాయమైన మాట. అప్పుడు చెప్పిందీ నిజమే, ఇప్పుడు చెబుతున్నదీ నిజమే. మధ్యలో ఏం మారిందో రాస్తాను.

నరసరావుపేటలో నేను సర్వీస్ షాపు పెట్టింది 2006లో. ఆ తర్వాత ఆరేడేళ్లు మా పని సగం పెన్‌డ్రైవ్‌లతోనే. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లన్నీ కిటకిటలాడేవి. ఒక సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంకో సెంటర్‌లో పెడితే చాలు, రెండింటికీ అంటుకునేది. ఒక బీటెక్ అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. తెరిచి చూస్తే ఫోల్డర్ల పేర్లన్నీ ఉన్నాయి, కానీ ప్రతి బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు. ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. మేం దాన్ని షార్ట్‌కట్ వైరస్ అనేవాళ్లం. అది ఫైళ్లను చెరపదు. అసలు ఫోల్డర్లను దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. నొక్కినప్పుడల్లా వైరస్ ఇంకోసారి నడుస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ నల్లతెర తెరిచి యాట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్ పెట్టి ఎంటర్ నొక్కాను. రెండు నిమిషాలకి ఒక్కొక్క ఫోల్డరూ పైకి తేలింది. ఆ అమ్మాయి తన రిపోర్ట్ తెరిచి చివరి పేజీ దాకా చూసుకునే వరకూ కుర్చీలోంచి లేవలేదు. ఆ రోజుల్లో యాంటీవైరస్ లేని సిస్టమ్ అంటే తలుపు లేని ఇల్లే. డబ్బా అమ్మినందుకు నాకిప్పటికీ బాధ లేదు.

మారింది విండోసే. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే నడిచే ఆటోరన్‌ని విండోస్ 7లో ఆపేశారు. 2011లో ఒక అప్‌డేట్‌తో ఎక్స్‌పీకి, విస్టాకి కూడా ఆ మార్పు వచ్చింది. మాకు అసలైన తేడా తెలిసింది 2012 తర్వాత. విండోస్ 8 నుంచి డిఫెండర్ అనేది పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా లోపలే వస్తోంది. విండోస్ 7లో అదే పేరుతో ఉన్నది స్పైవేర్‌ని మాత్రమే చూసేది, అందుకే చాలామందికి డిఫెండర్ అంటే ఎందుకూ పనికిరాదని పాత అభిప్రాయం ఉండిపోయింది. ఇప్పుడు విండోస్ 10, 11లలో అది మొదటి రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది, అప్‌డేట్లు విండోస్ అప్‌డేట్‌తో పాటే వస్తాయి, రెన్యువల్ గొడవ లేదు.

మాస్టారికి అదంతా చెబితే, "ఊరికే వచ్చింది పనిచేస్తుందా?" అన్నారు. ఆయన ల్యాప్‌టాప్‌లోనే చూపించాను. యాంటీవైరస్ మేలుకొని ఉందో లేదో చూడటానికి ఐకార్ అనే పరీక్ష ఫైలు ఒకటి ఉంది. మొత్తం 68 అక్షరాల వరుస, అంతే. దాంట్లో వైరస్ ఏమీ లేదు, కానీ యాంటీవైరస్‌లు దాన్ని చూసి వైరస్ అన్నట్టే స్పందించాలని ఒప్పందం. నోట్‌ప్యాడ్‌లో ఆ వరుస అతికించి డెస్క్‌టాప్ మీద సేవ్ చేశాను. ఫైలు కనపడింది, మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని ముందుకి వంగేలోపు కింద కుడిపక్క మూల "ముప్పు కనుగొనబడింది" అని చిన్న పెట్టె వచ్చింది. డెస్క్‌టాప్ మీద ఫైలు మాయం. "మళ్లీ చెయ్యి" అన్నారు. మళ్లీ చేశాను, మళ్లీ పట్టుకుంది. దీంతో అన్ని వైరస్‌లనూ పట్టుకుంటుందని రుజువైపోదు, మేలుకొనే ఉందని మాత్రం తెలుస్తుంది. ఆయన రెన్యువల్‌కి తెచ్చిన డబ్బుకి ఇంకొంత వేసి ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనమన్నాను. మనవరాలి ఫొటోలు, పెన్షన్ కాగితాల స్కాన్‌లు దాంట్లోకి ఎక్కించి ఇచ్చాను.

ఆ హార్డ్‌డిస్క్ మీద నాకంత పట్టుదల ఎందుకంటే 2020లో జరిగిన ఒక సంగతి వల్ల. మాకు దగ్గర్లోనే ఒక డీటీపీ సెంటర్ ఉంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్, పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు. ఆ ఏడు మాఘమాసం, ఫిబ్రవరి మొదట్లో, ముహూర్తాలు వరసగా ఉన్నాయి. పొద్దున్నే ఆయన ఫోన్ చేసి "అన్నా, ఒక్కసారి రా" అన్నాడు. గొంతు వింటేనే తెలిసింది. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర నాలుగక్షరాల కొత్త తోక తగిలి ఉంది. ఏదీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైలు. మీ ఫైళ్లకు తాళం వేశాం, కీ కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపు మాట్లాడితే సగం, 490 అని రాసి ఉంది. స్టాప్ డీజేవీయూ అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం అది. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి వేసే దొంగ ఫైళ్లు, అంటే క్రాక్‌ల వెంట వచ్చే రకాల్లో అప్పట్లో దీన్ని మించింది లేదు.

యాంటీవైరస్ లేక కాదు ఇది జరిగింది. డబ్బు కట్టి కొన్నదే ఉంది, అమ్మింది నేనే. స్క్రీన్ మూలన దాని గుర్తు మీద మౌస్ పెడితే ఇంకా 211 రోజుల సబ్‌స్క్రిప్షన్ ఉందని చూపిస్తోంది. ముందు రోజు రాత్రి ఆయన ఏదో ఫొటోషాప్ ప్లగిన్ కోసం క్రాక్ డౌన్‌లోడ్ చేశాడు. డౌన్‌లోడ్స్‌లో ఆ జిప్ ఫైలు అలాగే ఉంది. దాంతో పాటు ఇచ్చిన సూచనల్లో మొదటి లైన్: యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే పనిచేయదు. ఆయన అలాగే ఆపాడు. నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఆ లైన్ మూడుసార్లు చదివాను. కాపలావాణ్ణి మనమే ఇంటికి పంపించేస్తే వాడేం చేస్తాడు?

అంతకుముందు ఏడు అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ అనే సంస్థ ఈ రకానికి ఉచితంగా తాళం తీసే టూల్ ఇచ్చింది. ఆశగా నడిపించాను. అది పాత రకాలకి పనిచేస్తుంది. ఈయనకి తగిలింది కొత్త రకం, కీ వాళ్ల సర్వర్ మీద తయారైంది. కుదరదని టూలే చెప్పేసింది. డబ్బు పంపొద్దన్నాను. పంపితే కీ ఇస్తారన్న హామీ లేదు. బ్యాకప్ ఉందా అంటే "రెండో హార్డ్‌డిస్క్‌లో కాపీలున్నాయన్నా" అన్నాడు. అది అదే క్యాబినెట్‌లో బిగించి ఉంది, దాంట్లోనూ ప్రతి ఫైలుకీ అదే తోక. చివరికి కస్టమర్లకి ప్రూఫ్ కోసం మెయిల్ చేసినవి సెంట్ ఫోల్డర్‌లోంచి ఒక్కొక్కటీ దింపుకున్నాం. మిగిలిన కార్డులు ఆయనా, ఆయన భార్యా రెండు రాత్రులు కూర్చుని మళ్లీ టైప్ చేశారు. పదేళ్ల డిజైన్లు మాత్రం పోయాయి. అందుకే అందరికీ చెబుతున్నాను: బ్యాకప్ డిస్క్ కాపీ అవగానే పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే అది బ్యాకప్ కిందకి రాదు.

ఇక ఫోన్ల సంగతి. ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్.

ఈమధ్య రొంపిచర్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మిర్చి రైతు, మా నాన్నకి తెలిసినవాడు, నేను బాబాయ్ అంటాను. "అబ్బాయ్, ఫోన్ వేడెక్కుతోంది, మెసేజ్‌లు రావట్లేదు, బ్యాంకులో నలభై తొమ్మిది వేలు లేవంటున్నారు." చెయ్యి వణుకుతోంది. ఫోన్ తీసుకుని చూస్తే దాంట్లో అప్పటికే యాంటీవైరస్, క్లీనర్ అని రెండు ఉచిత యాప్‌లున్నాయి. పైన నోటిఫికేషన్: "మీ ఫోన్‌లో 17 వైరస్‌లున్నాయి, ఇప్పుడే శుభ్రం చేయండి." నొక్కితే ఒక యాడ్. అసలు దొంగ పేరు ఆ పదిహేడింటిలో లేదు.

"ఏమైనా ఇన్‌స్టాల్ చేశావా బాబాయ్?"

"ఏం చేయలేదయ్యా. పీఎం కిసాన్ లిస్టు వచ్చింది మా ఊరి గ్రూపులో, అది తెరిచా."

వాట్సాప్ గ్రూపులో చూశాను. పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు. పంపింది ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే. ఆయనా పంపలేదని తర్వాత తెలిసింది. ఆయన ఫోన్‌లోకి ముందే ఇలాంటిదే దూరి, ఓటీపీ కాజేసి, ఆయన వాట్సాప్‌ని వాళ్లు వేరేచోట తెరిచారు. ఇప్పుడివి వరసగా వస్తున్నాయి. ఆర్టీఓ చలానా అని, బ్యాంకు రివార్డు పాయింట్లని, పెళ్లి శుభలేఖ అని. పేరు మారుతుంది, పని మాత్రం ఒకటే. ఇన్‌స్టాల్ అవుతూనే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు నుంచి వచ్చే ప్రతి ఓటీపీ మన కంటే ముందు వాడికి చేరుతుంది. లోపల ఒక ఫారం ఉంటుంది, ఆధార్, కార్డు నంబర్, పిన్ నింపమంటుంది. నింపాక యాప్ బొమ్మ స్క్రీన్ మీద నుంచి కనపడకుండా పోతుంది.

బాబాయ్ ఫోన్‌ని ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. నా ఫోన్‌తో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. వాళ్లు అడిగే బ్యాంకు వివరాలు, డబ్బు పోయిన సమయం, ట్రాన్సాక్షన్ నంబర్లు ముందే కాగితం మీద రాసుకోవడం మేలు. ఎంత తొందరగా చెబితే, డబ్బు వేరే ఖాతాల్లోకి దాటకముందే ఆపించే వీలు అంత ఎక్కువ. తర్వాత బ్యాంకుకి చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించాం. అవన్నీ అయ్యాకే ఫోన్ మీద చెయ్యి వేశాను. సేఫ్ మోడ్‌లో తెరిస్తే మనం వేసిన యాప్‌లు నడవవు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా చూస్తే దొరికింది. తీసేద్దామంటే బటన్ పనిచేయలేదు, డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద అధికారం తీసుకుని కూర్చుంది. అక్కడ టిక్ తీసి, అప్పుడు యాప్ తీసి, చివరికి ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకుని ఫోన్ మొత్తం రీసెట్ కొట్టాను. కాల్స్ వేరే నంబర్‌కి మళ్లిస్తున్నారేమోనని ##002# కూడా డయల్ చేయించాను. పోయిన దాంట్లో సగం దాకా ఒక ఖాతాలో ఆగిందని ఆ సాయంత్రానికి కబురొచ్చింది. అది చేతికి రావడానికి ఇంకా తిరుగుతున్నాడు.

"యాంటీవైరస్ ఉంది కదా, ఎందుకు పట్టుకోలేదు?" అని బాబాయ్ అడిగాడు. అందరికీ ఈ సందేహం ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌నీ లాడ్జిలో గది లాగా వేరువేరుగా ఉంచుతారు. ఒక గదిలోవాడు ఇంకో గదిలోకి తొంగిచూడలేడు. యాంటీవైరస్ యాప్ కూడా ఆ లాడ్జిలో ఒక గది అద్దెకు తీసుకున్నవాడే, మేనేజర్ కాడు. కంప్యూటర్‌లో లాగా అన్ని గదుల తాళాలు వాడి దగ్గర ఉండవు. తలుపు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేర్లు చూసి, తన దొంగల జాబితాలో ఉంటే అరుస్తాడు. ఈ ఏపీకేలు కొత్త కొత్త పేర్లతో పుడుతుంటాయి, జాబితాలోకి ఎక్కేలోపే పని ముగించుకుంటాయి. ఆ తలుపు కాపలా పని ప్లే ప్రొటెక్ట్ ఎలాగూ చేస్తోంది, గూగుల్ ప్లే ఉన్న ప్రతి ఫోన్‌లోనూ ఉంది. బాబాయ్‌ని అది హెచ్చరించిందట కూడా. "ఏదో ఎర్రగా వచ్చిందయ్యా, కింద ఇంకోటి నొక్కితే పోయింది" అన్నాడు. డీటీపీ ఆయన యాంటీవైరస్ ఆపేసినట్టే, ఈయన ఆ ఎర్ర బొమ్మని పక్కకి తోసేశాడు. ఇద్దరి దగ్గరా కాపలా ఉంది. ఇద్దరూ తమకి కావాల్సిన వస్తువు కోసం దాన్ని తప్పించారు. అందుకే ఇంకో కాపలావాణ్ణి డబ్బిచ్చి పెట్టుకోమని చెప్పడానికి నాకు మనసొప్పదు.

ఐఫోన్‌లో అయితే ఈ గదుల గోడలు ఇంకా మందం. అక్కడ యాంటీవైరస్ పేరుతో అమ్మేవి మిగతా యాప్‌లను స్కాన్ చేయలేవు. ఫోన్‌లో ఏదో ఒకటి ఉండాలని పట్టుబట్టేవాళ్లకి ఎం-కవచ్ వేసుకోమంటాను. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లు మన హైదరాబాద్‌లో చేసింది, ఉచితం, యాడ్‌ల బెడద లేదు. ఏ యాప్ ఏ అనుమతులు తీసుకుందో చూపిస్తుంది, ఆ చూపు అలవాటైతే మంచిదే.

యాంటీవైరస్ అసలే వద్దని నేను అనడం లేదు. పదిమంది ఒకే నెట్‌వర్క్ మీద కూర్చునే ఆడిటర్ ఆఫీసు ఉంటే, క్లయింట్ల పాన్‌లు, లెక్కలు అన్నీ అందులో ఉంటే, అన్ని సిస్టమ్‌లనూ ఒకేచోట నుంచి చూసుకునే పెయిడ్ వెర్షన్ తీసుకోమంటాను. అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఆపేస్తారు, ఆపారని ఇంకొకరికి తెలియాలి. అప్పుడు కూడా దానికి ఎంత అధికారం ఇస్తున్నామో గుర్తుండాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పుడు అప్‌డేట్ వెళ్లి 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర వేసి కూర్చున్నాయి. మన శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఉచితంగా ఇచ్చే అవాస్ట్ యాంటీవైరస్ వాడేవాళ్లు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు అమ్ముకున్నందుకు అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో ఆ కంపెనీ చేత కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. ఇంటి తాళాలు ఇచ్చేముందు మనిషిని చూసుకుంటాం కదా.

పాత విండోస్ మీద యాంటీవైరస్ వేస్తే చాలు అనుకునేవాళ్లు మా దగ్గర చాలామంది. విండోస్ 7 ఇంకా నడుపుతున్నారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. గోడకి కన్నం ఉంటే గుమ్మం దగ్గర కుక్కని కట్టి లాభం లేదు. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. "అప్‌డేట్ వస్తే స్లో అవుతుంది, ఆపేసి ఇవ్వన్నా" అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు ఆపి ఇచ్చాను. ఇప్పుడు ఎంత మొహమాటమైనా ఆపను. ర్యామ్ ఇంకో నాలుగు జీబీ వేస్తాను, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తాను, స్లో సంగతి అలా తీరుస్తాను.

నిన్న సాయంత్రం బాబాయ్ మళ్లీ వచ్చాడు. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టి, వేలు తగలకుండా చూపించాడు. మేనల్లుడి నంబర్ నుంచి శుభలేఖ, ఏపీకే. "ఇది నొక్కలేదు. వాడింట్లో ఇప్పుడు పెళ్లేమీ లేదు" అన్నాడు. మేనల్లుడికి నా ఫోన్ నుంచి చేశాం. పొద్దుటి నుంచి వాట్సాప్ లాగౌట్ అయిపోయిందని, నెట్‌వర్క్ సమస్య అనుకుని ఊరుకున్నానని అన్నాడు. వేరే ఫోన్ తీసుకుని ముందు బ్యాంకుకి, తర్వాత 1930కి చేయమన్నాను. చిలకలూరిపేటలో బస్సెక్కి వస్తున్నానంటే, తొమ్మిదైనా పదైనా షట్టర్ వేయకుండా ఉంటానని చెప్పి, బాబాయ్‌కి టీ తెప్పించాను.